చౌడుమిద్దె, దోనె: సీమ ఇళ్లు వాననీటిని దించిన తీరు

కర్నూలు, కడప పల్లెల్లోని పాత ఇళ్లకు చూరు ఉండదు, చూరు వెంట సాగే నీటికాలువా ఉండదు. కప్పు బల్లపరుపుగా ఉంటుంది, దాని మీద జానెడు మందాన మన్ను పరిచి ఉంటుంది. పైన పడిన వాననీరంతా ఒక మూలకు చేరి, పిట్టగోడ అడుగున బయటికి చాచిన ఒకటి రెండు దోనెల గుండా వీధిలోకో పెరట్లోకో దూకుతుంది. ఇదే మట్టిమిద్దె, చౌడుమిద్దె. కోస్తాలో పెంకుటిల్లు ఉన్నవారికి పెంకుల సంగతి వేరు, చూరుకింది రేకుకాలువ సంగతి వేరు. సీమ మిద్దెలో కప్పూ కాలువా ఒకటే. పైన పరిచిన మన్నే నీటిని నడిపిస్తుంది, దోనె దాన్ని గోడ దాటిస్తుంది. అందుకే ఇక్కడ దోనె ఎప్పుడు మార్చాలన్న ప్రశ్న, చౌడు ఎప్పుడు మార్చాలన్న ప్రశ్నతో కలిసే వచ్చేది.

ఈ రెండు జిల్లాల్లో ఏడాదికి సగటున పడే వాన సుమారు 600 నుంచి 700 మిల్లీమీటర్లు. అదీ నికరం లేని వాన. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఊరించి ఊరించి కురుస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే రెండు మూడు రోజులు ఎడతెగని ముసురు పడుతుంది. మిగిలిన కాలమంతా ఎండే. ఇలాంటి చోట ఇల్లు కట్టుకునేవాడికి మొదటి శత్రువు ఎండ, రెండో శత్రువు వాన. మందమైన మట్టికప్పు ఎండను ఆపుతుంది, ఇంటిని చల్లగా ఉంచుతుంది. మిరపకాయలు, కందులు ఆరబోసుకోవడానికీ, వేసవి రాత్రి పడుకోవడానికీ మిద్దె చోటిస్తుంది. ఏడాదిలో మూడొందల రోజులకు పైగా అది ఎండకే పనికొస్తుంది. వాన పడే ఆ కొద్ది రోజుల్లో మాత్రం ఇంటి ప్రాణం దోనె మీద ఉంటుంది. వాన తక్కువ కాబట్టి నీటి జాగ్రత్త తక్కువ చాలుననుకోవడం పొరపాటు. నెలల తరబడి ఎండి, నెర్రెలిచ్చి, గాలిదుమ్ము నిండిన కప్పు మీద ఒక్కసారిగా కుండపోత పడటం, రోజూ తడిసే కప్పు మీద వాన పడటం కంటే ప్రమాదకరం.

మిద్దె కట్టే వరుస ఇది. ముందు రాతిగోడ గానీ మట్టిగోడ గానీ లేపుతారు. దాని మీద దూలాలు ఎక్కిస్తారు. దూలాల మీద అడ్డంగా దంతెలు పేరుస్తారు. నల్లమలకు దగ్గరి ఊళ్లకు కలపా వెదురూ అడవి నుంచి వచ్చేవి. దూరపు ఊళ్లలో వేప, తుమ్మ, దొరికిన మాను ఏదైతే అది. దంతెల మీద సందు లేకుండా బద్దలో కట్టెలో రాతిపలకలో పరిచి, పైన కంపో ఆకో వేసి, తడిమన్ను మెత్తి ఆరనిస్తారు. అన్నిటికీ పైన పొడి చౌడు పోసి, కాళ్లతో తొక్కి, దిమ్మిసతో కొడతారు. మధ్యలో వెలుతురు కోసం, పొగ పోవడం కోసం ఒక గవాచి వదులుతారు. దాని చుట్టూ గట్టు ఎత్తుగా కట్టి, వాన వస్తే మూయడానికి ఒక బండో మూకుడో పక్కనే ఉంచుతారు. చూడటానికి చదునుగా ఉన్నా మిద్దె నిజంగా చదును కాదు. దోనె ఉన్న వైపుకు రెండు మూడు అంగుళాల వాటం ఉంటుంది. ఆ వాటం తీయడంలోనే బేల్దారి పనితనం తెలిసేది. వాస్తు పట్టింపు ఉన్నవారు నీరు ఈశాన్యానికి పారేలా చూసుకునేవారు. వాస్తుకు వీధి కుదరని చోట వీధి మాటే చెల్లేది.

చౌడు అంటే చవిటి నేలల మీది మన్ను. వంకల పక్కన, చెరువుల కింద, పంట రాని బీళ్లలో వేసవి వచ్చేసరికి నేల తెల్లగా పూస్తుంది. ఆ పూత కింది మన్నును గీకి బండ్ల మీద ఊళ్లోకి తోలేవారు. సాగుకు పనికిరాని ఈ మన్నే కప్పుకు అన్నిటికంటే పనికొచ్చింది. దానికి కారణం అందులోని సోడియం లవణాలు. సోడియం ఎక్కువగా ఉన్న బంకమన్ను తడిసినప్పుడు దాని రేణువులు ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టవు. విడివిడిగా చెదిరి, ఉబ్బి, మన్నులోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తాయి. మొదటి వానకు పైపొర ఇలా మూసుకుపోతుంది, ఆ తర్వాతి నీరు లోపలికి దిగదు, వాటం చూసుకుని దోనెకు పోతుంది. చేలో పైరుకు నీరందనివ్వని గుణమే మిద్దె మీద ఇంటిని కాపాడుతుంది. ఎర్రమన్ను నీటిని లోపలికి వదులుతుంది. నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు విస్తారంగా ఉన్న నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే వేలు పట్టేంత వెడల్పున పగులుతుంది. తొలకరి వాన ఆ పగుళ్లలో నుంచి నేరుగా ఇంట్లోకి వస్తుంది. అందుకే చుట్టూ రేగడి ఉన్న ఊరు కూడా చౌడు కోసం ఆమడ దూరమైనా బండి కట్టేది. చౌడులో ఉప్పు ఉంటుంది కాబట్టి గడ్డి కూడా తొందరగా మొలవదు.

ఈ చవిటి మన్నుకు ఇంకో చరిత్ర ఉంది. దాన్ని నీళ్లలో కలిపి, వడకట్టి, ఎండబెట్టి చౌడు ఉప్పు తీయడం దక్కన్‌లో పాత వృత్తి. ఉప్పర కులం పేరులో ఉన్నది ఆ ఉప్పే. 1805లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం మొదలైంది. సముద్రపు ఉప్పు మీద వచ్చే రాబడికి చౌడు ఉప్పు అడ్డుగా కనబడటంతో, పందొమ్మిదో శతాబ్దం ముగిసేలోగా ప్రభుత్వం ఆ తయారీని అణచివేసింది. చెరువు పని, మట్టి పని ఉప్పరుల చేతిలో మిగిలాయి. చౌడు నుంచి ఉప్పు తీయడం నేరమైన కాలంలో కూడా, అదే చౌడు బండ్లకొద్దీ మిద్దెల మీదికి ఎక్కుతూనే ఉండేది.

మట్టిమిద్దెకున్న పెద్ద లోపం బరువు. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉన్న గది మీద అర అడుగు మందాన మన్ను పోస్తే అది 90 ఘనపుటడుగులు, దాదాపు నాలుగు టన్నులు. ఏటా పాత చౌడు తీయకుండా పైన ఒక అంగుళం కొత్తది పోస్తూ పోతే, ఏడాదికి అర టన్నుకు పైనే దంతెల మీద పెరుగుతుంది. దోనె పూడిపోయి నాలుగంగుళాల నీరు నిలిచిందంటే మరో టన్నున్నరకు పైనే తోడవుతుంది. అప్పటికే చెదలు తిన్న దంతె ఒకటి విరిగితే పక్కవాటి మీద భారం పడి, ఆ అంకణమంతా కూలుతుంది. ముసురు పట్టిన రాత్రుల్లో మిద్దె కూలి మనుషులు పోయిన వార్తలు సీమలో వానాకాలం పత్రికలకు కొత్త కావు. వాటిలో కొన్నిటి వెనుక ఉన్నది కుండపోత వాన కాదు. మూడు రోజులు పట్టు విడవని సన్నవాన, నీళ్లు బయటికి పోని దోనె.

దోనె అన్న మాటకు తొట్టి, తొలిచిన మాను అన్న అర్థాలున్నాయి. పాత దోనెలు అలాంటివే. తాటిమానును నిలువునా చీల్చి, లోపలి పీచు తీసేస్తే అర్ధచంద్రాకారపు కాలువ వస్తుంది. వేపమానును తొలిచినదీ ఉండేది. కుమ్మరి కాల్చిన మట్టిగొట్టాన్ని గోడలో పొదిగేవారు. బండ దొరికే ఊళ్లలో రాతినే కాలువగా చెక్కేవారు. తర్వాతి కాలంలో కిరసనాయిలు డబ్బాల రేకు, జింకుపూత రేకు వచ్చాయి. ఇనుప రేకును అలలుగా వంచే పద్ధతికి 1829లో ఇంగ్లండులో హెన్రీ పామర్ పేటెంటు పొందాడు. ఇనుముకు జింకుపూత పూసే పద్ధతికి ఫ్రాన్సులో సొరెల్ 1837లో పేటెంటు తీసుకున్నాడు. ఆ సరుకు సీమ సంతల దాకా చేరడానికి చాలా ఏళ్లు పట్టింది. చేరాక మాత్రం మాను దోనెను తొందరగానే తోసేసింది. రేకు తేలిక, చౌక, చెదలు పట్టదు. కానీ దాని గుణం గమనించాల్సిందే. చౌడు మీది నుంచి వచ్చే నీటిలో ఉప్పు కరిగి ఉంటుంది. ఆ ఉప్పునీరు జింకుపూతను తినేసి, కింది ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కాబట్టి రేకు దోనె మొదట చిల్లిపడేది బయట కనబడే చోట కాదు, మన్ను కప్పిన మొదలు దగ్గర. అక్కడ చిల్లి పడితే నీరు గోడ లోపలికి దిగుతుంది.

దోనె పనితనమంతా దాని పెదవి దగ్గర ఉంది. గోడ నుంచి మూరెడు బయటికి చాచి, కొస కొంచెం కిందికి వంగి ఉంటే నీరు ధారగా దూరాన పడుతుంది. పెదవి విరిగినా, దోనె వెనక్కి వాలినా, నీరు కొసన తెగిపడదు. అడుగుభాగాన్ని అంటిపెట్టుకుని వెనక్కి పాకి గోడను చేరుతుంది. మొదట గోడ మీద అరచేయి వెడల్పున తడి మరక కనబడుతుంది. మరుసటి వానకు అది నేల దాకా దిగి నల్లటి చారవుతుంది. ఆ తర్వాత పేడ అలికిన పూత పొక్కి రాలుతుంది, లోపలి మట్టి ఇటుక అంచు గుండ్రబడుతుంది. ఒకటి రెండు వానాకాలాలు ఇలాగే వదిలేస్తే, గోడలో నిలువునా చేయి పట్టేంత గాడి పడుతుంది. మిద్దె బరువంతా మోసేది ఆ గోడే. దోనె ధార పడే చోట నేల గుంటపడకుండా ఒక బండ వేయడం కూడా ఇందుకే. ఆ బండ లేకపోతే నీరు పునాది పక్కన గుంట తవ్వుకుని అక్కడే ఇంకుతుంది.

మార్చే సమయాన్ని రెండు విధాలుగా చూసేవారు. ఒకటి పంచాంగం. మే నెలాఖరులో రోహిణి కార్తె వస్తుంది, జూన్ మొదటి వారం దాటగానే మృగశిర. ఈ రెండింటి మధ్యలో చేలో పని ఉండదు, ఎద్దులు ఖాళీగా ఉంటాయి, చౌడు బాగా ఎండి పొడిగా దొరుకుతుంది. అప్పుడే మిద్దె పని. పాత చౌడు మీది దుమ్మూ చెత్తా ఊడ్చి, నెర్రెలు పూడ్చి, పలచబడ్డ చోట కొత్తది పోసి దిమ్మిస కొట్టేవారు. దోనె లోపలి పక్షిగూళ్లు, ఎండుటాకులు, పేరుకున్న ఒండ్రు తీసేవారు. ఒక చెంబెడు నీళ్లు పోసి ధార ఎక్కడ పడుతోందో చూస్తే దోనె సంగతి తేలిపోయేది. కొన్నేళ్లకోసారి చౌడునంతా దంతెల దాకా తీసేసి, చెదలు తిన్న కట్టె మార్చి, మిద్దె మళ్లీ కప్పుకునేవారు. బరువు పెరగకుండా చూసుకునే దారి అదొక్కటే. ఇల్లుగలవారు దాన్ని వాయిదా వేసేది కరువు ఏళ్లలో. కరువు తర్వాత వచ్చే మంచి వానకే ఎక్కువ మిద్దెలు కూలేవంటే అందులో ఆశ్చర్యం లేదు.

రెండోది ఇంటి గుర్తులు. ఇవి ఎక్కువగా ఆడవాళ్ల కంట పడేవి, ఎందుకంటే కురిసిన చోటల్లా గిన్నెలూ చెంబులూ పెట్టేది వాళ్లే. మిద్దె ఒకచోట కురిస్తే ఆ పైన చౌడు పలచబడిందని అర్థం, గంపెడు మన్నుతో పని అయిపోతుంది. గిన్నె పెట్టిన చోటు వానవానకూ మారుతుంటే వాటం పోయిందని అర్థం, నీరు పైన తనకు నచ్చినట్టు తిరుగుతోంది. వాన వెలిసిన మర్నాడు కూడా ఇల్లు కురుస్తూ ఉంటే నీరు పైన నిలిచిందని అర్థం, తప్పు దోనెది. ఎండాకాలంలో పొయ్యి మీది కుండలో సన్నటి మన్ను రాలితే అది చెదల పని. మిద్దె మీద గడ్డి మొలిచిందంటే చౌడులోని ఉప్పు వానలకు కొట్టుకుపోయింది. ఉప్పు పోయిన చౌడు మామూలు మన్నే, అది నీటిని ఆపదు. ఈ చివరి గుర్తుకు రసాయనశాస్త్రం కూడా సాక్ష్యం చెబుతుంది. ఏళ్ల తరబడి వాననీరు సోడియాన్ని కడిగేస్తే మన్ను రేణువులు చెదిరే గుణం మారిపోతుంది. కొత్త చౌడు కావాలన్న పాతవారి మాటలో చాదస్తం ఏమీ లేదు.

ఇంత జాగ్రత్త సీమకే పరిమితం కాదు. వాన తక్కువ ఉన్న చాలా ప్రాంతాల్లో మట్టికప్పు ఉంది. లడఖ్‌లో పైపొరకు మార్కలక్ అనే బంకమన్ను వాడతారు. టర్కీ పల్లెల్లో వాన పడ్డాక కప్పు మీద రాతి రోలరు దొర్లించి మన్నును మళ్లీ బిగిస్తారు. సీమలో రోలరు పని కాళ్లూ దిమ్మిసా చేశాయి.

దోనె నీళ్లు ఎవరి జాగాలో పడాలన్నది పల్లెల్లో పాత తగాదా. ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టుకున్న వీధుల్లో ఒకరి దోనె మరొకరి పెరట్లోకి చూస్తుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాల్లో కడప ఉంది. కర్నూలును 1839లో నవాబు నుంచి తీసుకున్నారు. రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండటం వల్ల 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం మొదటి నుంచీ ఇక్కడ అమలైంది. ఇరవై ఏళ్లపాటు అడ్డు లేకుండా, హక్కుగా, బహిరంగంగా అనుభవించిన సౌకర్యాన్ని ఆ చట్టం హక్కుగా గుర్తిస్తుంది. పాత దోనె తీసి అదే చోట కొత్తది పెడితే పేచీ ఉండదు. చోటు మార్చినా, ఒక దోనెకు రెండు చేసినా, పక్కింటాయన పంచాయితీకి వచ్చేవాడు. దోనె మార్చేటప్పుడు పాత రంధ్రాన్నే వాడుకోవడానికి ఇదీ ఒక కారణం.

రాతి నేలల్లో కథ వేరుగా నడిచింది. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేల కింద పొరలు పొరలుగా సున్నపురాయి ఉంది. 1872లో భూగర్భ సర్వే శాఖ తరఫున విలియం కింగ్ ఈ రాతిపొరల మీద పెద్ద గ్రంథం వెలువరించాడు. అందులోని ఒక పొరకు కడప జిల్లాలోని నర్జి ఊరి పేరే నిలిచిపోయింది. ఊళ్లోవారికి అది నాపరాయి, బయటివారికి కడప బండ. పొర విడదీస్తే పలకలా లేచే ఈ రాయితో గోడ కట్టుకోవచ్చు, నేల పరుచుకోవచ్చు, కప్పూ వేసుకోవచ్చు. దూలాల మీద బండలు పేర్చి, సందులు సున్నంతో నింపిన మిద్దెకు ఏటా చౌడు తోలే పని లేదు. అక్కడ దోనె కూడా రాయే, దానికి చెదలూ తుప్పూ లేవు. మార్చాల్సింది దోనెను కాదు, సందుల్లోని సున్నాన్ని. ఎండకు బండ వ్యాకోచించి, రాత్రి చల్లబడి కుంచించుకోవడంతో సందు విడుతుంది. డంగు సున్నంతో మళ్లీ పూడిస్తే ఇంకొన్నేళ్లు నిలుస్తుంది.

ఊళ్లలోని దొరల బంగళాలు, కచేరీలు, షావుకార్ల మేడలు మద్రాసు టెర్రస్ పద్ధతి పట్టాయి. టేకు దంతెల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, పైన గానుగ సున్నపు కాంక్రీటు వేసి, కరక్కాయ, బెల్లం నీళ్లు చిలకరిస్తూ రోజుల తరబడి కొట్టేవారు. 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో పెంకుల కార్ఖానా తెరిచాక వాలుకప్పు, చూరుకాలువ రైల్వే స్టేషన్ల దాకా వచ్చాయి. పల్లె మిద్దెను అవి పెద్దగా కదిలించలేదు.

కదిలించింది సిమెంటు. అదీ ఈ నేల నుంచే వచ్చింది. బండలిచ్చిన సున్నపురాయే సిమెంటుకు ముడిసరుకు. ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో బేతంచెర్ల పక్కన, ఆ తర్వాత ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు కార్ఖానాలు లేచాయి. ప్రభుత్వ గృహనిర్మాణ పథకాలు స్లాబు ఇంటినే ఇల్లుగా లెక్కించాయి. దూలానికి మాను దొరకడం కష్టమైంది, చౌడు తోలే బండ్లు తగ్గాయి, దిమ్మిస కొట్టే చేతులు కూలిపనులకు పట్నం దారి పట్టాయి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగినప్పుడు, నీళ్లలో నానిన మట్టిగోడలు నిలవలేవని ప్రజలు కళ్లారా చూశారు. ఆ తర్వాత మట్టిమిద్దె కట్టుకోవాలనుకున్నవారు అరుదు.

స్లాబు వచ్చాక దోనె ప్లాస్టిక్ గొట్టమైంది. ఏటా మిద్దె ఎక్కాల్సిన అవసరం పోయిందనుకున్నారు. అది నిజం కాదు. సీమ ఎండకు పీవీసీ గొట్టం రంగు వెలిసి పెళుసవుతుంది, గోడలో బిగించిన చోట సన్నగా చిట్లుతుంది. స్లాబు మీద నీరు నిలిస్తే సన్నటి పగుళ్లలో దిగి లోపలి ఇనుప కడ్డీకి తుప్పు పట్టిస్తుంది. తుప్పు ఉబ్బి కింది పెచ్చు ఊడిపడుతుంది. చౌడుమిద్దె గిన్నె పెట్టమని మొదటి వానకే చెప్పేది. స్లాబు పదేళ్లు మాట్లాడదు, చెప్పేసరికి మరమ్మతు చేయి దాటిపోయి ఉంటుంది.

2000లో నీరు-మీరు కార్యక్రమం, 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం దోనె నీటికి కొత్త విలువ తెచ్చాయి. అప్పటిదాకా ఇంటి నుంచి తరిమేయాల్సిన నీరు, ఇంకుడుగుంతలో దాచుకోవాల్సిన నీరైంది. 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గది మీద ఒక అంగుళం వాన పడితే వచ్చేది నాలుగు వందల లీటర్ల పైచిలుకు. బోరు వేయి అడుగులు దాటినా నీరు కనబడని ఊళ్లున్న సీమలో అది చిన్న లెక్క కాదు. గొట్టం పూడిపోయినా చిట్లినా ఆ నీరు గుంతకు చేరదు, గోడకు చేరుతుంది. మిద్దె మన్నుదైనా బండదైనా సిమెంటుదైనా, దోనె కింద గోడ మీద నల్లటి చార కనబడిందంటే దాన్ని మార్చే సమయం వచ్చినట్టే. ఆ చారను చూడాల్సింది రోహిణి కార్తెలో, మృగశిర వాన పడకముందే.